ముఖం పడని కప్పులు

తెల్ల గౌనులు నాలుగు, తలగుడ్డలు ఆరు, మేజోళ్లు ఎనిమిది జతలు. చక్కెర జబ్బు మాత్రలు సగం పెట్టెలో, సగం భుజాన తగిలించుకునే సంచిలో. ఒకటి పోయినా ఇంకొకటి ఉంటుంది. సనియ్యా ఒక్కో బట్టనూ మూడు మడతలు పెట్టి, గాలి పోయేలా అరచేత్తో అదిమి, అంచులు కలిపి పేరుస్తోంది. ఆమె చేతులకు తొందర లేదు, ఆగడమూ లేదు. పక్కింటి రేడియోలో ఏడు గంటల వార్తలు మొదలయ్యేసరికి పెట్టె సగం నిండింది.

చెల్లెలు బహీగా మంచం మీద కాళ్లు వేలాడేసుకుని కూర్చుని, అక్క ఒకటి సర్దినప్పుడల్లా ఇంకొకటి అందిస్తోంది. ఉప్పు జున్ను డబ్బా. ఎండు రొట్టెల పొట్లం. టీ పొడి రెండు ప్యాకెట్లు.

"మక్కాలో టీ పొడి అమ్మరా?" అంది సనియ్యా.

"అమ్ముతారు. అది తాగితే టీ తాగినట్టే ఉండదట. పైవాటా ఆవిడ చెప్పింది."

"ఆవిడ చెప్పిందల్లా నమ్ముతావు. విమానంలో జున్ను కారితే?"

"కారనీ. దేవుడింటికి చుట్టంగా పోతున్నా. జున్ను వాసనొస్తుందని గుమ్మంలోంచి వెళ్లగొడతాడా?" బహీగా నవ్వింది. నవ్వితే ఆమె పొట్ట, ఆమె కింది మంచం, మంచం మీది పెట్టె అన్నీ కలిసి కదిలాయి. సనియ్యా పేర్చిన మడత ఒకటి జారింది. ఆమె దాన్ని తీసి మళ్లీ పెట్టింది.

తొమ్మిదేళ్లుగా ఇద్దరూ కలిసే హజ్‌కు దరఖాస్తు పెట్టుకుంటున్నారు. ఈ ఏడాది తీసిన చీటీల్లో బహీగా పేరు వచ్చింది, సనియ్యా పేరు రాలేదు. ఆ సాయంత్రం బహీగా ఏడ్చి, నా వంతు నువ్వు తీసుకో అంది. అలా మార్చడం కుదరదని ఇద్దరికీ తెలుసు. సనియ్యాకు ఏడుపు రాలేదు, సంతోషమూ రాలేదు. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయేమోనని లోపలికి వెళ్లి చూసి వచ్చింది.

"ఇవాళ నువ్వు నాకు రెండు పనులు చెయ్యాలి." బహీగా రెండు వేళ్లు చూపించింది. "ఒకటి, మధ్యాహ్నం వచ్చి నాతో అన్నం తినాలి. బూరీ చేపలు తెమ్మని చెప్పాను, చేప అన్నం వండుతా. రెండోది, కప్పులు పూర్తి చేసి చూపించాలి. నా మొహం నేను చూసుకుని మరీ బస్సెక్కుతా."

"కప్పులు నువ్వొచ్చాక పంచేవి. మూడు వారాలుంది."

"ఊళ్లో అందరి మొహాలూ అచ్చేస్తావు. నా ఒక్కదానికీ మూడు వారాలా?"

హజ్ చేసి వచ్చినవాళ్లను చూడటానికి మొదటి రోజే ఇల్లంతా జనం నిండుతారు. వచ్చినవాళ్లకు గుప్పెడు ఖర్జూరాలు, ఒక జపమాల, యాత్రికుల ఫోటోతో ఒక కప్పు ఇచ్చి పంపాలి. కప్పు మీద కాబా, దాని పక్కన ముఖం, కింద 'హజ్ అంగీకరింపబడుగాక, పాపాలు మన్నింపబడుగాక' అని ఉంటుంది. తను పనిచేసే కొట్టులో గోడలు చెమ్మ కక్కుతున్నాయని, మొత్తం ముప్ఫై ఆరు కప్పులున్న రెండు అట్టపెట్టెలనూ సనియ్యా వారం కిందటే ఇంటికి తెచ్చి బహీగా గదిలో పెట్టింది.

"దుమ్ము లేకుండా అన్నీ తుడిచి పెట్టాలే," అంది బహీగా, అట్టపెట్టెలను చక్రాల బండి మీదికి ఎత్తడానికి సాయం పడుతూ. "మధ్యాహ్నం వస్తావుగా?"

"వస్తాను," అంది సనియ్యా.

*

ఇల్లు పోర్ట్ ఫువాద్‌లో, కొట్టు సూయజ్ కాలువకు అవతల పోర్ట్ సయీద్‌లో. మధ్యలో ఫెర్రీ. సనియ్యా రోజూ ఎడమ వైపు కమ్మీ పట్టుకుని నిలబడుతుంది. ఎందుకు ఎడమ వైపో ఆమెకే తెలియదు. ఆగస్టు నెల, ఆకాశం తడిగుడ్డలా ముఖానికి అంటుకుంటోంది. దక్షిణం నుంచి ఒక సరుకు ఓడ ఊళ్లోకి మేడ నడిచి వస్తున్నట్టు వచ్చింది. ఫెర్రీ దానికి దారిచ్చి ఆగింది. పక్కనున్నావిడ సముద్రపు పక్షులకు రొట్టె ముక్కలు విసురుతోంది. సనియ్యా చక్రాల బండి కదలకుండా కాలు అడ్డం పెట్టి నిలబడింది.

ఆమెకు అరవై ఒకటో ఏడు. సన్నటి మనిషి, మెడ కొద్దిగా ముందుకు వంగి ఉంటుంది. వేళ్ల చివర్లు గోధుమ రంగులో ఉంటాయి, ఎంత తోమినా పోదు. ఇరవై ఏడో ఏట ఫోటో స్టూడియోలో చీకటి గదికి చేరింది. అక్కడ రసాయనాల పళ్లాల్లో ఊరి ముఖాలన్నీ తేలడం చూసింది. పరీక్షల ఫోటోలు, పెళ్లి ఫోటోలు, గల్ఫ్‌కు వెళ్లే మగవాళ్ల పాస్‌పోర్టు ఫోటోలు, పోయాక పెద్దవి చేయించుకునే ఫోటోలు. ఆ మందుల గదిలోనే ఆమె ముక్కు పోయింది. వేయించిన చేప వాసన కూడా తెలియదు. ఏమంత లోటు కాదని ఆమె అనేది. చీకటి గది మూతబడ్డాక స్టూడియో యజమాని పోయాడు. ఆయన కొడుకు వగ్దీ దాన్ని బహుమతుల కొట్టు చేసి, కప్పుల మీద బొమ్మలు అచ్చేసే యంత్రం కొన్నాడు. సనియ్యా చీకటి గదిలోంచి లేచి ఆ యంత్రం ముందు కూర్చుంది, అంతే.

పని పెద్దదేమీ కాదు. తిరగేసి అచ్చయిన కాగితాన్ని తెల్ల కప్పుకు చుట్టి, వేడికి కరగని టేపు అంటించాలి. యంత్రం నోట్లో పెట్టి మీట బిగించాలి. నూట ఎనభై డిగ్రీలు, మూడు నిమిషాలు. కాగితం మీద వెలిసిపోయినట్టుండే రంగు ఆ వేడికి ఆవిరై కప్పు పూతలోకి దిగుతుంది. గంట మోగాక కప్పు తీసి, కాగితాన్ని ఒకే ఊపులో లాగెయ్యాలి. తటపటాయిస్తే బొమ్మకు నీడ పడుతుంది.

తొమ్మిదిన్నరకు మొదటి కప్పు తీసి కాగితం లాగింది. కాబా నల్లగా, నిండుగా వచ్చింది. అక్షరాలూ వచ్చాయి. బహీగా ముఖం మాత్రం పడలేదు. తెల్ల తలగుడ్డ కింద నుదురు నుంచి బుగ్గ దాకా ఎవరో తడి బొటనవేలితో చెరిపినట్టు పాలిపోయి ఉంది. ఒక కన్ను ఉంది, ఒకటి లేదు.

వగ్దీ టీ గ్లాసుతో వచ్చి భుజం మీంచి చూశాడు. నలభై అయిదేళ్లవాడు. ఒకప్పుడు ఇదే కొట్టులో బల్ల కింద దూరి ఆమె చెప్పులు దాచేవాడు.

"వేడి చాల్లేదు సనియ్యక్కా. పెంచు."

"వేడి చాలకపోతే అంతా పాలిపోవాలి. కాబా చూడు, ఎలా వచ్చిందో."

"నల్లరంగు ఎప్పుడూ బాగానే పడుతుంది. పెంచు, నా మాట విను."

అతని మాట వింది. నూట తొంభై అయిదు పెట్టింది. రెండో కప్పుకు అక్షరాల అంచులు మాడి గోధుమరంగు తిరిగాయి. ముఖం మీద మచ్చ అలాగే ఉంది.

"కాగితం చెమ్మ పీల్చి ఉంటుంది," అన్నాడు వగ్దీ. "వేడీ తగ్గించు, కాగితమూ మార్చు, టైమూ పెంచు."

"అన్నీ ఒకేసారి మారిస్తే దేనివల్ల బాగైందో తెలియదు. నీకు జ్వరమొస్తే ముగ్గురు డాక్టర్ల మందులూ ఒకేసారి మింగుతావు, అలాగే ఉంటుంది."

"మింగినా బతికే ఉన్నా కదా."

"మీ ఆవిడ ఓపిక వల్ల."

వేడిని మళ్లీ నూట ఎనభైకి దించింది. కాగితాన్ని ఇస్త్రీ పెట్టె కింద ఆరబెట్టి మూడో కప్పుకు చుట్టింది. మచ్చ. నాలుగో కప్పును యంత్రంలో తలకిందులుగా పెట్టి చూసింది. యంత్రం లోపలి మెత్తటి పట్టీ ఒకచోట అరిగి ఉంటే మచ్చ చోటు మారాలి. మారలేదు. కప్పు ఎటు తిప్పినా, పట్టుకునే చెవికి ఎదురుగా ఉండే వైపునే రంగు పట్టడం లేదు. ముఖం వచ్చేది అక్కడే.

అల్మారాలో పాత సరుకు కప్పు ఒకటుంది. మిగిలింది అదొక్కటే. దానికి అదే కాగితం, అదే వేడి, అదే మూడు నిమిషాలు. గంట మోగింది. కాగితం లాగితే బహీగా నిండు ముఖంతో ఆమె వంక చూసింది. పెదవి మూల నవ్వు ఆపుకుంటున్న ముడతతో సహా. ఆ ఫోటో తీసినప్పుడు సనియ్యాయే కెమెరా పక్కన నిలబడి, నవ్వకే, పాస్‌పోర్టుకు పనికిరాదు అని కసిరింది.

సనియ్యా ఆ కప్పును కిటికీ గట్టు మీద పెట్టింది. పెట్టి, మిగిలిన ముప్ఫై రెండు కప్పుల వంక చూసింది.

"కప్పులే దొంగ సరుకు!" వగ్దీ అప్పటికే ఫోను తీసి సరుకు తెప్పించేవాడి మీద అరుస్తున్నాడు. "పూత వేశావా, సున్నం కొట్టావా? ... నీ మీద ఒట్టెందుకు, నీ పిల్లల మీద వెయ్... అవునయ్యా, పోయిన నెల బాగానే వచ్చాయి. అందుకే కదా మిగతావీ నమ్మి పెట్టుకున్నది!"

ఆ మాట సనియ్యా చెవిలో పడింది. పోయిన నెల ఇదే సరుకు. అదే పెద్దపెట్టెలోంచి తీసిన అట్టపెట్టెలు. అప్పుడు బాగా వచ్చిన కప్పు ఇప్పుడెందుకు రాదు? మధ్యలో ఏమైంది? ఏమీ కాలేదు. వారం రోజులు ఇంట్లో ఉన్నాయి. ఇల్లు పొడిగానే ఉంటుంది.

పదకొండున్నర దాటింది. ఫెర్రీకి నడక, ఫెర్రీ, అటు మళ్లీ నడక. అన్నం తినడానికి వెళ్లి రావాలంటే గంటన్నర. నాలుగింటికి బస్సు. ఆమె అయిదో కప్పు చుట్టి యంత్రంలో పెట్టింది. ఇంకేం మార్చాలో తెలియకుండానే పెట్టింది. చేతులు ఊరికే ఉండలేవు.

గంట మోగేసరికి హాగ్గా ఇజ్లాల్ లోపలికి వచ్చింది. చేపల బజారులో రొయ్యలు అమ్మే మనిషి, హజ్ చేసి వచ్చింది కాబట్టి అందరికీ హాగ్గా. మనవడి ఏడో రోజు పండక్కి కప్పులు చెప్పింది, వాటికోసం వచ్చింది. గుమ్మంలోనే ఆగి ముక్కు ఎగబీల్చింది.

"ఏంటర్రా, యంత్రంలో కస్తూరి వండుతున్నారా?"

"మీకు రొయ్యల వాసన తప్ప ఇంకోటి తెలుసా హాగ్గా?" అన్నాడు వగ్దీ.

"నోర్ముయ్ సిగరెట్ల బట్టీ. ముప్ఫై ఏళ్లుగా నీ ముక్కులో పొగ తప్ప ఏం లేదు. రొయ్యలమ్మేదానికే ముక్కుండాలి, లేకపోతే ఊరు ఊరంతా కడుపు పట్టుకుని పడుకుంటుంది." ఆమె బల్ల దగ్గరికొచ్చి సనియ్యా చేతిలోని వేడి కప్పు మీదికి వంగింది. "ఇదే. మదీనాలో మసీదు బయట అమ్మే కస్తూరి అత్తరు. మా ఆయన సమాధి దగ్గరికి పోయేప్పుడు నేనూ అదే రాసుకుంటా. కప్పుకు అత్తరు రాయడమేంటే సనియ్యా? ఇదేదో కొత్త ఫ్యాషనా?"

సనియ్యా కప్పును ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏమీ తెలియలేదు. పచ్చి కప్పు ఒకటి తీసి, చెవికి ఎదురు వైపున వేలితో రాసి చూసింది. వేలు కొద్దిగా జారింది. కప్పును వెలుతురుకు ఏటవాలుగా పట్టింది. గుండ్రంగా, బొటనవేలంత వెడల్పున, చుట్టు మీద చుట్టుగా పల్చటి జిడ్డు. కప్పు చెవి ఎడమ చేత్తో పట్టుకుని, కుడిచేత్తో దూది తిప్పుతూ రాస్తే ఎలా ఉంటుందో అలా. ఒక్కో కప్పుకూ ఓపిగ్గా, ముప్ఫై ఆరింటికీ.

'దుమ్ము లేకుండా అన్నీ తుడిచి పెట్టాలే.'

"మా చెల్లెలు," అంది సనియ్యా.

హాగ్గా ఇజ్లాల్‌కు ఒక్క క్షణం పట్టింది. తర్వాత రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుంది. "అయ్యో పిచ్చితల్లి! వచ్చినవాళ్లకి ప్రవక్త ఊరి వాసన తగలాలని రాసిందే!"

"జిడ్డు మీద రంగు దిగదు," అంది సనియ్యా.

*

స్పిరిటు సీసా, పాత నూలుగుడ్డ తీసింది. ఒక కప్పు తుడిచి, ఆరబెట్టి, మళ్లీ తుడిచి, యంత్రంలో పెట్టింది. బహీగా వచ్చింది. రెండు కళ్లూ, పెదవి మూల ముడతా వచ్చాయి. పన్నెండూ నలభై అయింది.

"అయిపోయింది కదా," అన్నాడు వగ్దీ. అతని గొంతు తగ్గింది. "కిటికీలోదొకటి, ఇదొకటి తీసుకుని ఇంటికి పో అక్కా. చెల్లెలితో అన్నం తిను. మిగతావి నేను చేస్తా."

"నువ్వు కాగితం లాగితే నీడ పడుతుంది."

"పడితే పడనీ! మూడు వారాల టైముంది. నువ్వే రేపు చెయ్యి."

"అన్నీ చూసి వెళ్తానంది."

"అంటుంది. మనుషులు వంద అంటారు."

ఆమె అప్పటికే రెండో కప్పు తుడుస్తోంది. తుడవడం, ఆరబెట్టడం, చుట్టడం, బిగించడం. ఒకటి యంత్రంలో ఉండగా ఇంకొకటి తుడుస్తుంది. గంట. లాగడం. ఒక్కో కప్పుకూ అయిదు నిమిషాలు. గుడ్డ జిడ్డెక్కితే మడత మార్చి పట్టుకుంటుంది. బహీగా రెండు రాత్రులు కూర్చుని రాసిన అత్తరంతా ఆ నూలుగుడ్డలోకి దిగుతోంది. కొట్టంతా గుప్పుమంటోందని వగ్దీ రెండుసార్లు అన్నాడు.

రెండింటికి ఫోను మోగింది. సనియ్యా దాన్ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుంది.

"ఎక్కడున్నావ్? చేపలు చల్లారిపోతున్నాయి."

"ఇంకా పదిహేడున్నాయి."

"పదిహేడా? పొద్దుట్నుంచీ ఏం చేస్తున్నావే అక్కా? ఓడకు రంగేస్తున్నావా?"

"కప్పులు కొంచెం ఇబ్బంది పెట్టాయి. ఇప్పుడు వస్తున్నాయి."

అటువైపు గిన్నె మీద మూత పెట్టిన చప్పుడు. "అంటే అన్నానికి రావు."

"నువ్వు తినేసెయ్. మాత్ర వేసుకోవాలి కదా, ఆలస్యం చెయ్యకు. నేను తిన్నగా బస్సు దగ్గరికొస్తాను."

"నా మొహం బాగా వచ్చిందా? అది చెప్పు."

సనియ్యా గట్టు మీద వరసగా ఆరుతున్న పదిహేను బహీగాలను చూసింది. "వచ్చింది."

"సరే, అయితే చెయ్యి. నీ వాటా మూత పెట్టి ఉంచుతా. సాయంత్రం వచ్చి తిను. పారెయ్యకు, చేప చాలా బాగుంది." ఫోను పెట్టేసింది.

గంట మోగింది. సనియ్యా కాగితం లాగింది.

*

సాగనంపడమంటే సనియ్యాకు ఒక నియమం ఉంది. బండి కదిలేదాకా నిలబడకూడదు. పన్నెండేళ్ల వయసులో, యుద్ధానికి ఊరు ఖాళీ చేయించినప్పుడు, అమ్మ దిండు గలీబుల్లో బట్టలు కుక్కి ఇద్దరినీ లారీ ఎక్కించింది. నాన్న రేవులో కాపలాకు ఉండిపోయాడు. లారీ కదిలాక పక్కనే కొంత దూరం నడిచాడు, తర్వాత కొంచెం పరిగెత్తాడు, తర్వాత ఆగిపోయాడు. ఆగిపోయిన మనిషి చిన్నగా, ఇంకా చిన్నగా అయిపోవడం ఆమె చూసింది. అయిదేళ్లు ఎవరి ఊళ్లోనో బడి గదిలో, దుప్పట్లు అడ్డం కట్టుకుని బతికి, తిరిగొచ్చేసరికి ఇల్లు సగం ఉంది. నాన్న లేడు. తర్వాత ఫత్హీ. నిశ్చితార్థం ఉంగరం తొడిగి, ఇరాక్ పనికి వెళ్లాడు. రైలు స్టేషన్లో రైలు మలుపు తిరిగేదాకా నిలబడింది. రెండేళ్లు ఉత్తరాలు వచ్చాయి, తర్వాత రాలేదు. అప్పటి నుంచి ఎవరిని సాగనంపినా, ఇంజను మొదలవగానే వెనక్కి తిరిగి నడుస్తుంది. బహీగా పెళ్లయి దమ్యెట్టా ఊరికి వెళ్లినప్పుడూ అంతే. భర్త పోయి, పిల్లలు లేక, పదకొండేళ్ల కిందట ఒక పెట్టెతో బహీగా తిరిగొచ్చినప్పుడు, సనియ్యా తలుపు తీసి, పెట్టె అందుకుని, "తిన్నావా?" అని మాత్రమే అడిగింది.

మూడూ ఇరవైకి ముప్ఫయ్యో కప్పు తీసింది. ఇంక ముట్టనిది ఒకటే ఉంది. దాన్ని అలాగే వదిలేసి, ఒక కప్పు కాగితంలో చుట్టుకుని పెద్ద మసీదు ముందుకు నడిచింది.

అక్కడ బస్సు చుట్టూ జనం. తెల్లబట్టలు, జెండాలు, గొంతెత్తి పెట్టే సంతోషపు కేకలు. పెట్టెలు బస్సు కింది అరల్లోకి ఎక్కించేశారు. బహీగా కిటికీ పక్క సీటులో కూర్చుని ఉంది. ముఖం చెమటతో మెరుస్తోంది. సనియ్యాను చూసి కిటికీలోంచి రెండు చేతులూ బయటకు చాపింది.

"ఇయ్యి! ఇయ్యి!"

సనియ్యా మునివేళ్ల మీద లేచి కప్పు అందించింది. బహీగా కాగితం చించి, కప్పును దూరంగా పట్టుకుని చూసింది. దగ్గరగా పట్టుకుని చూసింది. పక్క సీటావిడకు చూపించింది. "ఇది నేనే. మా అక్క చేసింది. బాగుందా? గెడ్డం కింద కండ కొంచెం తగ్గించొచ్చు కదే అక్కా, యంత్రం నీ చేతిలోదే కదా."

"అది యంత్రం పని కాదు. జున్ను తగ్గించు."

బహీగా నవ్వుతూనే కప్పును ముక్కు దగ్గరికి తెచ్చుకుంది. నవ్వు ఆగింది. మళ్లీ వాసన చూసింది.

"వాసనేదే?"

"ఏం వాసన?"

"నేను కస్తూరి రాశాను. నీకు చెప్పకుండా. అన్నిటికీ. వచ్చినవాళ్లు కప్పు ఎత్తగానే మదీనా వాసన రావాలని." ఆమె కప్పు లోపల కూడా ముక్కు పెట్టి చూసింది. "చేతులు పడిపోయాయి రాసేసరికి. ఏమైంది?"

సనియ్యా బస్సు రేకు మీద చెయ్యి ఆనించి నిలబడి ఉంది. రేకు కాలుతోంది. చెయ్యి తియ్యలేదు.

"వేడికి ఎగిరిపోయి ఉంటుంది," అంది.

"అయ్యో, నాకు తోచనేలేదు. నిన్నడిగి ఉండాల్సింది."

"వచ్చాక మళ్లీ రాద్దువుగాని. ఇద్దరం కూర్చుని రాద్దాం."

"సీసా ఖాళీ అయిపోయింది."

"అక్కడినుంచి తెచ్చుకో."

"అవునవును. పెద్దది తెస్తా." బహీగా ముఖం మళ్లీ విప్పారింది. కప్పును వెనక్కి ఇచ్చింది. "ఇది నువ్వే ఉంచు, అంత దూరం మోస్తే పగులుతుంది. అన్నం తిను. తాళం రెండుసార్లు తిప్పు. రాత్రి గ్యాసు..."

ఇంజను మొదలైంది. సనియ్యా చెయ్యి ఎత్తి చెల్లెలి వేళ్లు ఒకసారి పట్టుకుని వదిలి, వెనక్కి తిరిగి ఫెర్రీ వైపు నడిచింది. వెనకనుంచి "అక్కా! గ్యాసు!" అన్న కేక వినిపించింది. తిరిగి చూడకుండానే తల ఊపింది.

ఇంట్లో బల్ల మీద పళ్లెం, దాని మీద బోర్లించిన ఇంకో పళ్లెం. చేప అన్నం చల్లబడి గట్టిపడింది. బహీగా ముళ్లు కూడా ఏరి పెట్టింది. సనియ్యా నిలబడే తింది. పళ్లాలు కడిగి బోర్లించింది. గ్యాసు కట్టేసి ఉందో లేదో చూసింది.

*

హజ్‌లో అన్నిటికన్నా ముఖ్యమైన అరఫా రోజున రెండు నిమిషాలు ఫోను కలిసింది. వెనక సముద్రంలా జనం గోల.

"నీ పేరు చెప్పి అడిగానే!" అని బహీగా అరిచింది.

"ఏమడిగావ్?"

"నీకెందుకు? నీకూ దేవుడికీ మధ్యవర్తిని నేను. కూలి తర్వాత తీసుకుంటా."

"మాత్రలు వేసుకుంటున్నావా?"

"వేసుకుంటున్నా. ఇక్కడ టీ నిజంగానే బాగాలేదు!"

బక్రీద్ పండుగ మూడో రోజున వగ్దీ కొట్టు తలుపు సగం తెరిచాడు. పండుగ వారంలో పెళ్లిళ్లు చాలా ఉన్నాయి. పదింటికి సనియ్యా ఒక పెళ్లి జంట కప్పును యంత్రంలో బిగించాక ఫోను మోగింది. తెలియని నంబరు, దేశం బయటిది.

"మీరు బహీగా అబ్దెల్ బారీకి ఏమవుతారమ్మా?" అంది ఒక ఆడగొంతు. బస్సుతో వెళ్లిన పర్యవేక్షకురాలు.

"అక్కని."

అటువైపు ఎవరో పక్కకు తిరిగి గొంతు సవరించుకున్నారు.

యంత్రం మీద అంకెలు తగ్గుతున్నాయి. ఇంకా యాభై ఎనిమిది సెకన్లు. "ఒక్క నిమిషం ఆగండి," అంది సనియ్యా. ఫోనును బల్ల మీద పెట్టింది. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని అంకెల వంక చూస్తూ కూర్చుంది. ఇరవై. పది. గంట మోగింది. మీట లేపి, కప్పు తీసి, కాగితాన్ని ఒకే ఊపులో లాగింది. పెళ్లికూతురూ పెళ్లికొడుకూ శుభ్రంగా వచ్చారు. కప్పును గట్టు మీద పెట్టి, చేతులు తుడుచుకుని ఫోను తీసింది.

"చెప్పండి," అంది.

ఇంటికి వచ్చినవాళ్లకు ఓదార్పు చెప్పాలో శుభం చెప్పాలో తెలియక రెండూ చెప్పారు. మక్కా మట్టిలో కలవడం ఎందరికి దొరుకుతుందన్నారు. సనియ్యా సంతాపానికి పోసే చక్కెర లేని కాఫీ పోసింది. కప్పుల సంగతి హాగ్గా ఇజ్లాలే అడిగితే, అట్టపెట్టె తెచ్చి గది మధ్యలో పెట్టి, తలా ఒకటి ఇచ్చింది. సంతాపానికి వచ్చి చేతిలో కానుకతో వెళ్లడం ఎలాగో తెలియక ఆడవాళ్లు వాటిని గౌను మడతల్లో దాచుకుని మెట్లు దిగారు. నలభయ్యో రోజుకు వేరే కప్పులు, ఆత్మశాంతి ప్రార్థనతో చేయిద్దామా అని వగ్దీ అడిగాడు. "అవే చాలు," అంది సనియ్యా. మూడు రోజుల సంతాపం అయ్యాక మర్నాడు పొద్దున ఫెర్రీలో ఎడమ వైపు నిలబడి పనికి వెళ్లింది.

సెప్టెంబరు మూడున బస్సు పెద్ద మసీదు ముందు ఆగింది. వెళ్లినవాళ్లు నలభై ఆరుగురు, దిగినవాళ్లు నలభై అయిదుగురు. కిటికీ పక్క సీటులో ఎవరివో మక్కా జమ్‌జమ్ బావి నీళ్ల డబ్బాలు మూడు, జారిపోకుండా తాడుతో కట్టి ఉన్నాయి. బహీగా అబ్దెల్ బారీ తిరిగి రాలేదు. 2018 ఆగస్టు ఇరవై మూడు, గురువారం తెల్లవారుజామున, మక్కా పక్కన మినాలో, యాత్రికుల గుడారంలో నిద్రలోనే పోయింది.